పాదాల ఫొటోలు అమ్మేవాళ్ల పేరు ఎక్కడ బయటపడుతుంది

బ్రిటిష్ గాయని లిలీ ఆలెన్ 2024లో ఓన్లీఫ్యాన్స్‌లో (చందా కట్టినవాళ్లకే ఫొటోలు, వీడియోలు చూపించే వెబ్‌సైట్) తన పాదాల ఫొటోలు పెట్టడం మొదలుపెట్టింది. నెలకు పది డాలర్ల చందా. స్పాటిఫైలో తన పాటలు నెలకు దాదాపు 80 లక్షల మంది వింటున్నా, పాదాల ఫొటోలకు చందా కట్టే వెయ్యి మంది వల్లే ఎక్కువ డబ్బొస్తోందని అదే ఏడాది అక్టోబర్‌లో చెప్పింది. ఇలాంటి వార్తలు మన రీల్స్‌లోకి దిగేసరికి "ముఖం చూపించక్కర్లేదు, ఇంట్లో కూర్చుని నెలకు లక్ష" అయిపోతాయి. ఆ వెయ్యి మందీ రావడానికి వెనకాల ఆమెకు దాదాపు ఇరవై ఏళ్ల పేరుందన్న ముక్క మాత్రం దారిలో ఎక్కడో రాలిపోతుంది. ఆ రీల్ చేసినవాళ్లు చివర్లో 499 రూపాయల కోర్సో, టెలిగ్రామ్ ప్రీమియం గ్రూపో అంటగడతారు. వాళ్ల ఆదాయం పాదాల మీద రావట్లేదు, కోర్సు కొన్నవాళ్ల మీద వస్తోంది.

సరే, అయినా అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. ఈ పని మంచిదా చెడ్డదా అనే చర్చ ఇక్కడ అనవసరం. చట్టం వరకు చూస్తే, వయసొచ్చిన మనిషి తన పాదాలను మామూలుగా ఫొటో తీసి అమ్ముకోవడం నేరమని చెప్పే సెక్షన్ మన దగ్గర లేదు. పద్దెనిమిది నిండనివాళ్లు మాత్రం దీని జోలికే పోకూడదు, ఎవరు ఎంతిస్తామన్నా సరే. అందులో బేరం లేదు.

ఇంగ్లీషులో ఈ విషయం మీద దొరికే జాగ్రత్తల్లో చాలావరకు ఫొటో చుట్టూనే తిరుగుతాయి: ముఖం రానివ్వకండి, టాటూ కప్పుకోండి, లొకేషన్ తీసేయండి. అవన్నీ నిజమే, కానీ అవి అమెరికాలో కూర్చుని రాసినవి. మన దగ్గర గుట్టు రట్టయ్యేది ఎక్కువగా డబ్బు దగ్గర. ఫొటోలో ఎంత దాక్కున్నా, ఫోన్ నంబరూ బ్యాంకు ఖాతా కలిసిపోయిన మన చెల్లింపుల పద్ధతిలో వంద రూపాయలు తీసుకోగానే అసలు పేరు అవతలివాడి స్క్రీన్ మీద ఉంటుంది. అయినా ముందు ఫొటో సంగతి చూసేస్తే ఒక పని అయిపోతుంది.

ఫోన్‌తో తీసిన ఫొటో లోపల తేదీ, సమయం, ఫోన్ మోడల్, లొకేషన్ ఆన్‌లో ఉంటే జీపీఎస్ అంకెలు కూడా దాక్కుని ఉంటాయి. యాంటీవైరస్ కంపెనీ పెట్టిన జాన్ మెకఫీ మధ్య అమెరికాలోని బెలీజ్ పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్న రోజుల్లో, 2012 డిసెంబర్‌లో ఆయన వెంట ఉన్న వైస్ పత్రికవాళ్లు గర్వంగా ఒక ఫొటో ఆన్‌లైన్‌లో పెట్టారు. జీపీఎస్ అంకెలు తీసేయడం మర్చిపోయారు. మనిషి పక్క దేశం గ్వాటెమాలాలో ఉన్నాడని లోకానికి తెలిసిపోయింది. దీనికి మందు తేలికే: కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయాలి, పాత ఫొటోలైతే స్క్రీన్‌షాట్ తీసి ఆ స్క్రీన్‌షాట్‌నే పంపాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ సమాచారం పోతుంది, అదే "క్వాలిటీ తగ్గకుండా డాక్యుమెంట్‌గా పంపండి" అని కొనేవాడు అడిగి, అలా పంపితే మొత్తం ఫైలుతో పాటు వెళ్లిపోతుంది. టెలిగ్రామ్‌లో ఫైల్‌గా పంపినా అంతే. ఆ అడగడం చాలాసార్లు క్వాలిటీ కోసమే కావచ్చు, కానీ పంపేవాళ్లకు తేడా తెలియాలి.

కంటికి కనిపించే ఆనవాళ్లు వేరు. టాటూ అందరికీ గుర్తుంటుంది. పెళ్లిలో పెట్టిన మెట్టెలు, ఇంట్లోవాళ్లు చేయించిన పట్టీలు చాలామందికి గుర్తుండవు, ఎందుకంటే అవి ఒంట్లో భాగమైపోయి ఉంటాయి. అవే మెట్టెలు పెళ్లి ఆల్బమ్‌లో పారాణి పెట్టిన పాదాల క్లోజప్‌లో ఉంటాయి, ఆ ఆల్బమ్ ఫేస్‌బుక్‌లో ఉంటుంది. మడమ మీద పుట్టుమచ్చ, బొటనవేలి గోరు మీద పాత దెబ్బ, చిన్నప్పుడు సైకిల్ చైన్‌లో పడిన మచ్చ ఇవన్నీ దగ్గరివాళ్లకు సంతకాలే. నేల కూడా అంతే. అద్దె ఇంటి గచ్చు రంగు, గడప మీద ముగ్గు, వెనకాల స్టీలు బిందెలో ఫొటో తీస్తున్న మనిషి నీడ. ఒక సాదా దుప్పటి విడిగా కొని, దాని మీద తప్ప ఇంకెక్కడా తీయకపోవడం వల్ల సగం తలనొప్పి పోతుంది.

చేతివేళ్లు కూడా కాస్త చూసుకోవాలి. 2018లో బ్రిటన్‌లోని సౌత్ వేల్స్ పోలీసులు వాట్సాప్‌లో దొరికిన ఒక ఫొటోలో అరచేతిలో పట్టుకున్న మాత్రల పక్కన కనిపించిన వేలి గీతల ఆధారంగా డ్రగ్స్ అమ్మేవాణ్ణి పట్టుకున్నారు. పాదాల ఫొటోలు కొనేవాడెవడూ అంత శ్రమ పడడు కానీ, ఫొటోలో ఎంత సమాచారం ఉంటుందో చెప్పడానికి ఆ ఉదాహరణ చాలు.

వీడియో అడిగితే మాత్రం చూపు కంటే చెవికి ఎక్కువ పని. పక్క వీధి గుడి మైకు, చెత్త బండి పాట, కూరగాయల బండివాడి కేక, దూరంగా రైల్వే అనౌన్స్‌మెంట్‌లో స్టేషన్ పేరు, పక్కగదిలోంచి "అమ్మా, ఛార్జర్ ఎక్కడ" అనే మాట. వీడియో తీసినవాళ్లకు ఇవేవీ వినిపించవు, రోజూ వినేవే కాబట్టి. శబ్దం మొత్తం తీసేసి పంపడమే పద్ధతి.

ఇక అకౌంట్. కొత్త పేరుతో ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ తెరిచి, పాత ఫోన్ నంబరే ఇచ్చి, కాంటాక్ట్స్ చూసుకోమని పర్మిషన్ కూడా ఇచ్చేస్తే, రెండ్రోజుల్లో ఆ అకౌంట్ మేనమామ కూతురికి "మీకు తెలిసినవాళ్లు కావచ్చు" అని కనిపించే అవకాశం ఉంది. యాప్‌కు మంచీ చెడూ తెలియదు, నంబర్లు కలిశాయా లేదా అంతే. కొత్త ఈమెయిల్, కాంటాక్ట్ సింక్ ఆపేయడం, అకౌంట్‌ను వేరేవాళ్లకు సూచించే ఆప్షన్ ఆపేయడం, ఈ మూడూ మొదటి ఫొటో పెట్టకముందే అయిపోవాలి. టెలిగ్రామ్‌లో అయితే నంబర్ ఎవరికీ కనిపించకుండా ఒక సెట్టింగ్, నంబర్ ద్వారా ఎవరు వెతకొచ్చో ఇంకో సెట్టింగ్ విడివిడిగా ఉంటాయి. చాలామంది మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు.

నంబర్ చేతికి చిక్కితే ఏమవుతుందో ట్రూకాలర్ తెరిచి చూస్తే తెలుస్తుంది. అక్కడ కనిపించే పేరు చాలాసార్లు మనం పెట్టుకున్నది కాదు, ఎవరో తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నది. "సునీత టైలర్ దిల్‌సుఖ్‌నగర్" అని ఉంటుంది. పేరు, పని, ఏరియా మూడూ ఒకే లైన్లో. కొనేవాడు ఇంకేం వెతకాలి?

ఇప్పుడు డబ్బు. యూపీఐ ఐడీ ఇవ్వడమంటే పేరు ఇవ్వడమే. 2025 జూన్ 30 నుంచి అన్ని యూపీఐ యాప్‌లూ డబ్బు పంపేవాళ్లకు బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరునే చూపించాలని యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నిబంధన పెట్టింది. మోసాలు తగ్గించడానికి అది మంచి నిర్ణయమే. పేరు దాచుకోవాలనుకునే అమ్మకందారుకు మాత్రం అక్కడితో ముసుగు తీసేసినట్టే, ఎందుకంటే ఐడీ కొట్టి చూస్తే చాలు, రూపాయి కూడా పంపక్కర్లేదు. చాలామంది యూపీఐ ఐడీలో ఫోన్ నంబరే ఉంటుంది, అంటే పేరూ నంబరూ జంటగా వెళ్లిపోతాయి. క్యూఆర్ కోడ్ పంపినా లోపల ఉండేది అదే ఐడీ.

దీనికి పూర్తి విరుగుడు లేదు. నిజాయితీగా చెప్పాలంటే, నేరుగా యూపీఐ మీద అమ్ముతూ పేరు దాచుకోవడం వ్యక్తిగత ఖాతాతో కుదరదు. ఒక సంస్థ పేరు పెట్టుకుని, ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకుని (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు, దానికి ఫీజు లేదు, మధ్యవర్తులకు డబ్బు కట్టొద్దు), ఆ పేరు మీద కరెంట్ ఖాతా తెరిస్తే అవతలివాడికి సంస్థ పేరు కనిపిస్తుంది. నెలకు రెండు మూడు వేలు వస్తాయో రావో తెలియని పనికి ఇంత హంగామా ఎందుకు అనిపిస్తే, ఆ అనిపించడం సబబే. అలాంటప్పుడు నేరుగా డబ్బు తీసుకోకుండా వెబ్‌సైట్ల ద్వారానే అమ్మడం మేలు.

యూపీఐలో ఇంకో ముప్పుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకున్న మనిషి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, ఆ డబ్బు ఎక్కడెక్కడికి వెళ్లిందో బ్యాంకులు వరసగా వెతికి, దారిలో తగిలిన ఖాతాల్లో ఆ మొత్తాన్నో, ఒక్కోసారి ఖాతా మొత్తాన్నో ఆపేస్తాయి. 2023లో కేరళలో ఎంతోమంది చిరు వ్యాపారులకు ఇదే జరిగింది. ఎవడో కొట్టేసిన డబ్బులోంచి యూపీఐలో వంద రెండొందలు కట్టి ఏదో కొనుక్కుని పోయాడు, వేరే రాష్ట్రం పోలీసుల నుంచి నోటీసు రాగానే కొట్టువాడి ఖాతా స్తంభించింది. కొట్టువాడికైతే చూపించడానికి కొట్టుంది. పాదాల ఫొటో అమ్మినవాళ్లు ఆ డబ్బు దేనికొచ్చిందో బ్యాంకు మేనేజర్ ముందు చెప్పాలి, అదీ ఆ ఖాతాలోనే జీతమో, డ్వాక్రా లోనో, పిల్లల ఫీజు డబ్బో ఉండి అవి కూడా ఆగిపోయిన టెన్షన్‌లో. ముక్కూమొహం తెలియనివాడు ఫొటోకు అడిగినదానికి మూడింతలు ఇస్తున్నాడంటే, అది వాడి డబ్బేనా అని ఒక్కసారి అనుమానించాలి. యూఎస్‌డీటీ (డాలర్ విలువకు ముడిపెట్టిన క్రిప్టో) ఇస్తాం, అమ్ముకోండి అనేవాళ్ల సంగతి ఇంకా ఘోరం, దాన్ని రూపాయల్లోకి మార్చేటప్పుడు కొనేవాడెవడో, వాడి డబ్బెక్కడిదో ఎవరికీ తెలియదు.

అందుకే ఈ పనికి వేరే ఖాతా ఒకటి ఉండి తీరాలి. అందులో వేరే డబ్బేదీ ఉండకూడదు, ఇంటి ఖాతాకు అది అంటుకోకూడదు. వచ్చిన డబ్బును ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపించడం కూడా రక్షణే. కొత్త విధానంలో 2025-26 ఆర్థిక సంవత్సరం ఆదాయం 12 లక్షల లోపుంటే మామూలుగా పన్ను పడదు, కానీ 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సిందే. అంతకంటే తక్కువున్నా వేసి ఉంచితే, రేపు ఖాతా ఆగినప్పుడు "ఇది నా ఆదాయం, ఇదిగో చూపించాను" అనడానికి ఒక కాగితం ఉంటుంది. డిజిటల్ ఫొటోలు అమ్ముతాను అని రాస్తే చాలు, ఏ ఫొటోలో వివరించక్కర్లేదు.

విదేశీ కొనుగోలుదారులకు పేపాల్ అనుకుంటే అక్కడా కొన్ని మెలికలున్నాయి. 2021 ఏప్రిల్ నుంచి పేపాల్ మన దేశం లోపలి చెల్లింపులు మానేసింది, బయటినుంచి వచ్చే వ్యాపార చెల్లింపులే తీసుకుంటుంది. ఇంగ్లీషు సలహాల్లో కనిపించే "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీగా పంపమనండి" అనే చిట్కా మన ఖాతాలకు పనికిరాదు. కొన్నవాడికి 180 రోజుల దాకా "నాకు సరుకు రాలేదు" అని ఫిర్యాదు చేసే వీలుంది. ఫొటో తీసుకుని, నాలుగు నెలల తర్వాత డబ్బు వెనక్కి లాక్కునేవాళ్లు దీన్నే వాడుకుంటారు. పైగా లైంగిక వినోదానికి సంబంధించిన అమ్మకాల మీద పేపాల్‌కు ఆంక్షలున్నాయి. ఆ అనుమానం వస్తే ఖాతాను పరిమితం చేసి డబ్బును 180 రోజుల వరకు ఆపగలదు.

ఓన్లీఫ్యాన్స్ లాంటి వెబ్‌సైట్లు వచ్చిన దాంట్లో 20 శాతం కోసుకుంటాయి. పాదాల ఫొటోల కోసమే ఉన్న ఫీట్‌ఫైండర్‌లోనైతే అమ్మేవాళ్లే ముందు సభ్యత్వ రుసుము కట్టాలి, ఒక్క ఫొటో అమ్ముడుపోయినా పోకపోయినా. ఆ కోతకు బదులుగా దొరికేదేమిటంటే, కొనేవాడికి అమ్మేవాళ్ల అసలు పేరు కనిపించదు. వెబ్‌సైట్‌కు మాత్రం గుర్తింపు కార్డు చూపించాలి, అదీ పూర్తి భరోసా కాదు: 2025 అక్టోబర్‌లో చాట్ యాప్ డిస్కార్డ్ కోసం పనిచేసే బయటి సంస్థ దగ్గర దాదాపు 70 వేల మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడ్డాయి. అయినా నేరుగా యూపీఐ, వెబ్‌సైట్ రెండిట్లో ఏది నయం అంటే వెబ్‌సైటే. కార్డు అడిగేది కొనేవాడైతే, "నువ్వు నిజం మనిషివో కాదో తెలియాలి కదా" అని ఎంత మర్యాదగా అడిగినా, అక్కడితో మాటలు ఆపేయాలి. ఆధార్ కాపీ గానీ, కార్డు పట్టుకున్న సెల్ఫీ గానీ, ముఖం కనిపించే వీడియో కాల్ గానీ కొనేవాడికి అవసరమే లేదు.

మోసాలు చాలావరకు పాత చింతకాయ పచ్చడే. నకిలీ ఫోన్‌పే స్క్రీన్‌షాట్ పంపి డబ్బు వేశానంటారు; బ్యాలెన్స్ చూసుకోకుండా ఫొటో పంపకూడదు, అంతే. ఐదొందలకు బదులు పొరపాటున ఐదు వేలు పడ్డాయి, మిగతాది వెనక్కి పంపండి అంటారు. ఎస్ఎంఎస్ బ్యాంకు నుంచి వచ్చినట్టే ఉంటుంది, ఖాతాలో పైసా ఉండదు. ఒకవేళ నిజంగానే పడి ఉంటే అది పైన చెప్పిన దొంగ డబ్బు కావచ్చు, కాబట్టి వాడు చెప్పిన వేరే ఐడీకి పంపకుండా బ్యాంకుకు చెప్పాలి. వారానికి వెయ్యి డాలర్లిస్తాను, ముందు 2,500 రూపాయల క్లియరెన్స్ ఫీజు కట్టు అనేవాడు ఫొటోలు కొనడానికి రాలేదు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

వీటన్నిట్లో ప్రమాదకరమైంది ఏపీకే ఫైల్, అంటే ప్లే స్టోర్ బయటినుంచి నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఆండ్రాయిడ్ యాప్. "మా కంపెనీ యాప్ ఇది, ఇందులో అప్‌లోడ్ చేయండి" అని లింకు వస్తుంది. ఇన్‌స్టాల్ చేయగానే కాంటాక్ట్స్, గ్యాలరీ, ఎస్ఎంఎస్‌లకు పర్మిషన్ అడుగుతుంది. 2020 చివర్లో లోన్ యాప్‌ల గొడవ మన రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. అప్పు తీసుకున్నవాళ్ల కాంటాక్ట్ లిస్టు లాగేసి, మార్ఫింగ్ చేసిన ఫొటోలు బంధువులకు పంపారు. ఇక్కడా ఆయుధం అదే.

కొనేవాడి అడుగుడు కూడా మెల్లగా మారుతుంది. మొదట పాదాలు, తర్వాత కాస్త చీర పైకి, తర్వాత ఇంకాస్త, ప్రతిసారీ రేటు పెంచుతూ. ఎక్కడో ఒకచోట అది ఐటీ చట్టంలోని సెక్షన్ 67 పరిధిలోకి జారుతుంది: అసభ్యకరమైనది ఆన్‌లైన్‌లో పంపితే మొదటిసారి మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. లైంగిక చర్య చూపించేదైతే 67ఏ, ఐదేళ్లు, పది లక్షలు. గీత ఎక్కడుందో కొనేవాడికి పట్టదు, కేసు పడేది పంపినవాళ్ల మీద. ఏది అమ్ముతామో, ఏది అమ్మమో ముందే రాసిపెట్టుకుని, అది దాటి అడిగినవాణ్ణి బ్లాక్ చేయడమే పద్ధతి. సాక్సులు, చెప్పులు పంపమనే బేరాలు ఇంకో రకం, పార్శిల్ మీద పంపినవారి చిరునామా రాయాలి కాబట్టి వాటిని ముట్టుకోకపోవడమే మంచిది.

అమెరికాలో చదువుకుంటున్న తెలుగు పిల్లలకు ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఉంది. ఎఫ్1 వీసా మీద ఉండి ఇలా సంపాదించడం అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. ముఖం లేదు కదా, క్యాంపస్ బయట కాదు కదా అనే లెక్కలు చెల్లవు. వెబ్‌సైట్ ఇచ్చే 1099 అనే ఆదాయపు ఫారంలో పేరు, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉంటాయి, అది పన్ను శాఖకూ వెళ్తుంది. ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) లేని హెచ్4 వాళ్లదీ, అంటే హెచ్1బీ వాళ్ల వెంట వచ్చిన కుటుంబసభ్యులదీ, అదే పరిస్థితి, హెచ్1బీ వాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప వేరే పని చేయకూడదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లయితే అక్కడి సైబర్ చట్టాలు నైతికత విషయంలో మన కంటే చాలా కఠినమని గుర్తుంచుకోవాలి.

అన్నీ చూసుకున్నా పేరు బయటపడిందనుకోండి. మెసేజ్ వస్తుంది: మీ ఆయన ఫేస్‌బుక్ దొరికింది, పది వేలు వేయకపోతే ఫొటోలన్నీ ఆయనకు పంపుతా. బెదిరించేవాడి దగ్గరున్నది నిజానికి పాదాల ఫొటో ఒక్కటే. దానికి ఆ విలువ రావడానికి కారణం ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న భయం. మొదలుపెట్టే ముందే ఇంట్లో నమ్మకమైన ఒక్కరికి, భర్తో అక్కో స్నేహితురాలో, చెప్పి ఉంచితే వాడికి అమ్ముకోవడానికి ఏమీ మిగలదు. అలా చెప్పగలిగే మనిషి ఒక్కరూ లేని ఇంట్లో ఈ పని మొదలుపెట్టడం ఎంతవరకు క్షేమమో ఎవరికి వారే చూసుకోవాలి.

డబ్బు మాత్రం ఇవ్వకూడదు. ఒకసారి ఇస్తే ఇచ్చే మనిషని తెలిసిపోతుంది, వారంలో మళ్లీ అడుగుతాడు. చాట్ డిలీట్ చేయడం కూడా తప్పే, కంగారులో చాలామంది అదే చేస్తారు. వాడి యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్లు, వాడిచ్చిన యూపీఐ ఐడీ, ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆ లావాదేవీ యూటీఆర్ నంబర్ (ప్రతి చెల్లింపుకూ ఉండే గుర్తింపు సంఖ్య) తీసిపెట్టుకుని ఆ తర్వాత బ్లాక్ చేయాలి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ అది వెనక్కొచ్చే ఆశ తగ్గిపోతుంది. ఫిర్యాదును సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లోనూ పెట్టొచ్చు. ఫొటోలను నగ్నంగా మార్ఫింగ్ చేసి మనకు పంపి, బయటపెడతామని బెదిరిస్తే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మన ఫోన్ దాటి వెళ్లదు, దాని డిజిటల్ ముద్ర మాత్రమే వెళ్తుంది, అందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ ముద్రతో పోల్చి చూసి అడ్డుకుంటాయి. మామూలు పాదాల ఫొటోకు ఇది పనిచేయదు. దానికి కాపీరైట్ దారి ఉంది: మనంతట మనం తీసిన ఫొటో అయితే తీసినవాళ్లదే హక్కు, రాతపూర్వకంగా బదలాయిస్తే తప్ప కొన్నవాడికి రాదు (వాడు డబ్బిచ్చి అడిగి తీయించుకున్నదైతే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు వాడిదవుతుంది), కాబట్టి వేరేచోట పెడితే తీసేయమని ఆ వెబ్‌సైట్‌ను అడగొచ్చు.

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే మొదటి ప్రశ్న "అసలు ఇలాంటి ఫొటోలు ఎందుకు పెట్టావమ్మా" అనే వస్తుందని చాలామంది వెనకాడతారు, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అక్కడ ఫొటోల కథ మొత్తం చెప్పక్కర్లేదు. ఒకడు బెదిరించి డబ్బు అడుగుతున్నాడు, ఇవి ఆధారాలు, అంతే ఫిర్యాదు. భారతీయ న్యాయ సంహితలో బెదిరించి డబ్బు గుంజడం సెక్షన్ 308 కిందికి వస్తుంది, ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఉన్న ఊళ్లో తెలిసినవాళ్లు ఎదురవుతారని మొహమాటమైతే వేరే ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా నమోదు చేసే కేసు) ఇవ్వొచ్చు, మా పరిధి కాదని వాళ్లు తిప్పి పంపడానికి వీల్లేదు.